వదిన లంగాకు కుట్టిన లాగు

ఈ సంగతి జరిగినప్పుడు నాకు రాయడం రాదు. మా ఊరు జనగామ దిక్కు. చిన్నప్పుడు బడికి పంపారు గాని, నా వెనక పుట్టినవాళ్ళను చంకన వేసుకుని తిప్పే మనిషి ఇంట్లో లేక కొన్నాళ్ళకే మాన్పించారు. తర్వాత పత్తి చేలు, ఆ తర్వాత పెళ్లి, పెళ్లితో ఈ పట్నం. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. మధ్యాహ్నం పూట నా కుట్టుమిషన్ ఖాళీగా ఉన్నప్పుడు మా అపార్ట్‌మెంటు మూడో అంతస్తు టీచరమ్మ నేర్పించారు. ఆమెది గోదావరి వైపు. బడి ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆమెకూ తోచేది కాదు, నాకూ చాలాకాలంగా లోపల కోరిక ఉంది. అలా కుదిరింది.

రాయకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇది తొడల సంగతి. నడిస్తే తొడలు ఒరుసుకుని పుండ్లు పడే సంగతి. ఆడవాళ్ళం నడుము నొప్పి చెప్పుకుంటాం, మోకాళ్ళ నొప్పి చెప్పుకుంటాం. ఇది మాత్రం అక్కచెల్లెళ్ళకు కూడా చెప్పుకోం. ఇలాంటిది కాగితం మీద పెట్టవచ్చా అని టీచరమ్మను అడిగాను. "ఎందుకు పెట్టకూడదూ? నీకొక్కదానికే ఉన్నాయా తొడలు?" అన్నారు. అందుకని పెడుతున్నాను.

తార్నాకలో మెట్రో స్టేషన్ దాటి లోపలికి వచ్చే ఒక గల్లీలో పాత అపార్ట్‌మెంటుకు మా ఆయన వాచ్‌మన్. కింద మాకు రెండు గదులు. మెట్ల కింద మిగిలిన ఖాళీలో నా మిషన్. నేను కొత్త బట్టలు పెద్దగా కుట్టను. చీరలకు ఫాల్, పీకో, హాస్టల్ పిల్లల జీన్సుల పొడవు తగ్గించడం, కోచింగ్ సెంటర్లకు వచ్చే పిల్లల బ్యాగుల జిప్పులు, ఇలాంటివే నా పని.

ఈమధ్య పల్చటి బట్టల పని ఎక్కువైంది. మా గల్లీ నుంచి యూనివర్సిటీ గేటు దగ్గరే. పొద్దున్నే క్యాంపస్‌లో నడవడానికి చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల నుంచి చాలామంది పోతారు. వాళ్ళు వేసుకునే లాగులు, ప్యాంట్లు చేతిలో పట్టుకుంటే ఏమీ పట్టుకోనట్టే ఉంటాయి. చెమటకు తడిసినా వెంటనే ఆరిపోతాయి. కుట్టేవాళ్ళకే తిప్పలు. మామూలు సూది వాడితే గుడ్డ గుంజుకుని ముడతలు పడుతుంది. మిషన్ పళ్ళ మీద నిలవదు, జారిపోతుంది. నేను సన్న సూది వేసి, గుడ్డ కింద దినపత్రిక ముక్క ఒకటి పెట్టి, రెండింటినీ కలిపి కుట్టి, తర్వాత కాగితాన్ని చింపి తీసేస్తాను. అప్పట్లో నాకు అది ఉత్త కాగితం. ఇప్పుడు పెట్టేముందు చదువుతున్నాను. పని కొంచెం ఆలస్యమవుతోంది.

టీచరమ్మ ప్యాంటు కూడా అలాంటిదే ఒకటి నా దగ్గరకు వచ్చింది. జేబు పక్కన ఉంది. అందులో ఫోను వేసుకుని నడిస్తే అడుగడుక్కీ తొడకు కొట్టుకునేది, ఆ బరువుకు ప్యాంటు ఒక పక్కకు దిగిపోయేది. "ఒక చెయ్యి ఫోనుకీ, ఒక చెయ్యి ప్యాంటుకీ. ఇంక ఊపడానికి చేతులేవమ్మా?" అన్నారు. ఆ జేబు విప్పి, వెనక నడుము పట్టీ కింద సరిగ్గా నడిమికి మార్చి కుట్టాను. అక్కడ బరువు ఉన్నా ఊగదు. నడక బట్టలంటే నాకు అప్పటికి తెలిసింది అంతే. తెలియంది ఎంతో వదిన వల్ల తెలిసింది.

వదిన అంటే మా ఆయనకు అక్క. ఆమె భర్త రైల్వేలో పనిచేసేవాడు. మెట్టుగూడ క్వార్టర్లలో ఉండేవాళ్ళు. ఆయన పోయాక క్వార్టర్ వదిలిపెట్టాల్సి వచ్చింది, పిల్లలు లేరు, మా దగ్గరకు వచ్చింది. మనిషి లావు. నోరు పెద్దది. పొద్దున లేస్తే నా వంకాయ కూర దగ్గర్నుంచి మా ఆయన మీసం దాకా అన్నిటికీ వంకలు పెట్టేది. కడుపులో ఏదీ దాచుకోని మనిషి అనుకునేదాన్ని.

ఆమెకు షుగర్. ఆమె భర్తకు కూడా అదే ఉండేది. కొత్త చెప్పు కరిచి ఆయన కాలివేలి పక్కన చిన్న పుండు పడింది, అది మానలేదు. మొదట వేలు తీశారు, తర్వాత పాదం తీశారు, ఆ తర్వాత ఆయన ఎక్కువ రోజులు లేడు. ఆ పుండును రోజూ కడిగి కట్టు కట్టింది వదినే. అందుకే ఆమెకు మాత్రలన్నా, సూదులన్నా, దవాఖానన్నా భయం లేదు. పుండంటే భయం. వంటింట్లో చాకు గీరుకున్నా మూడు పూటలా పసుపు అద్దుకుని దీపం దగ్గర పెట్టి చూసుకునేది.

దవాఖానలో డాక్టరమ్మ, మాత్రలతో షుగర్ దిగడం లేదని, రోజూ పొద్దున ముప్పావుగంట ఆగకుండా నడవాలని చెప్పింది. మళ్ళీ పరీక్షకు వచ్చేసరికి తగ్గకపోతే ఇక ఇన్సులిన్ తప్పదంది. వదిన సరేనంది. మర్నాటి నుంచి చెప్పులేసుకుని క్యాంపస్‌కు పోవడం మొదలుపెట్టింది. మా ఆయన సంతోషపడ్డాడు. నేనూ పడ్డాను, ఆ కాసేపు ఇంట్లో నిశ్శబ్దంగా ఉండేది.

కొన్నాళ్ళకు టీచరమ్మ మెట్లు దిగుతూ నా దగ్గర ఆగి, "మీ వదినగారు బాగానే ఉన్నారా? రోజూ గేటు లోపల అరుగు మీద కూర్చునే కనిపిస్తున్నారు. నేను వెళ్ళేటప్పుడూ అక్కడే, వచ్చేటప్పుడూ అక్కడే" అన్నారు.

తెల్లారి నేను కూడా బయలుదేరాను.

"నువ్వెందుకే?" అంది వదిన.

"నాకు కూడ ఒళ్ళొచ్చింది. నడుస్త."

"ఏడొచ్చింది? కట్టెపుల్లకు బట్టలు తొడిగినట్టుంటవు." కొంచెం దూరం పోయాక మళ్ళీ తనే అడిగింది. "ఎవలు చెప్పిన్రు? ఆ మూడో అంతస్తు రేడియోనా?"

గేటు దాటాం, అరుగు దాటాం. రోడ్డుకు రెండు పక్కలా వేపచెట్లు, వాటి వెనక పెద్ద పెద్ద రాతిగుండ్లు. పోలీసు ఉద్యోగాల పరీక్షకని పరిగెత్తే పిల్లలు గుంపులుగా మమ్మల్ని దాటిపోతున్నారు. వదిన నడక చూస్తే నాకు నవ్వొచ్చింది. కాళ్ళు ఎడంగా పెట్టి, ఒళ్ళంతా ఆ పక్కకూ ఈ పక్కకూ వేస్తూ నడుస్తోంది.

"గట్ల నడుస్తున్నవేంది వదినా, గుర్రం దిగినట్టు?"

వదిన ఆగింది. అటూ ఇటూ చూసి, నా రెక్క పట్టుకుని ఒక పెద్ద గుండు వెనక్కు తీసుకుపోయింది. చీర, లంగా కలిపి పైకెత్తి, "సూడు. సూసి నవ్వు" అంది.

తొడలు రెండూ లోపలివైపు ఎర్రగా కమిలి ఉన్నాయి. ఎడమ తొడ మీద తోలు లేచి, తడి తేలి ఉంది.

"ఎప్పటి సంది?"

"నడుసుడు మొదలువెట్టినప్పటి సంది. రెండో దినానికే మంట. చీర కింద తొడ తొడా రాసుకుంటది, చెమటొస్తది, ఇంక రాసుకుంటది."

"చెప్పొద్దా?"

"ఏమని చెప్పాలె? మా తమ్మునికి చెప్పాల్నా, బిడ్డా, నా తొడ కొట్టుకపోయిందని?" చీర దించుకుంది. తర్వాత గొంతు తగ్గించి, "నీకు తెలుసు గదా. ఆయనది గింతంత పుండే. శెనగగింజంత లేకుండె" అంది.

అక్కడికి నాకు మొత్తం అర్థమైంది. నడవకపోతే షుగర్ దిగదు. నడిస్తే పుండు పడుతుంది, షుగర్ ఉన్న ఒంటికి పుండు మానదు. అందుకని ఇంట్లో పోరు పడలేక చెప్పులేసుకుని వచ్చి, అరుగు మీద కూర్చుని, మేము నమ్మేంతసేపు గడిపి ఇంటికి వచ్చేది. అలాగే ఉంటే ఏమవుతుందో ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు.

దవాఖానలో ఇచ్చిన మందు రాసి, నడక మాన్పించి, ముందు ఆ పచ్చిపుండు ఆరనిచ్చాం. తర్వాత కొబ్బరినూనె రాసి పంపాను. కాసేపు బాగుంటుంది, చెమటకు పోతుంది. పౌడరు చల్లాను. అది తడిసి ఉండలు కట్టి ఇసుకలాగా ఇంకా గీరింది. రెండు తొడల మధ్య గుడ్డ ఏదో ఒకటి ఉండాలి, అది నడిచినా కదలకూడదు. దర్జీ పని చేసేదాన్ని, నాకు అంతకంటే మందు తెలియదు.

మెట్టుగూడ పోయే దారిలో ఫుట్‌పాత్ మీద కుప్ప పోసి అమ్మేచోట, పరిగెత్తే పిల్లలు వేసుకునే పల్చటి లాగు ఒకటి తెచ్చాను. నీలం రంగు, పక్కన తెల్ల గీత. ఉన్నవాటిలో పెద్దది.

"గిదేంది?" అంది వదిన.

"లాగు."

"ఎవలికి?"

"నీకే. చీర కింద."

"ఛీ ఛీ! మొగపోరగాండ్ల లాగు నాకెందుకే? రేపు నేను సస్తే, తానం పోసేటోళ్ళు సూసి ఏమనుకుంటరు?"

"సచ్చినంక సిగ్గేంది వదినా? అది నా సిగ్గు. నేను పడ్త తియ్."

మా ఆయన బయట ఉన్నప్పుడు తలుపు వేసి ఒప్పించాను. ఆమెను నిలబెట్టి టేపు పెట్టి కొలతలు తీసుకున్నాను. పక్క కుట్లు విప్పి రెండు వైపులా పట్టీలు వేసి వెడల్పు చేశాను. నడుము దగ్గర ఎలాస్టిక్ వదులుగా ఉందని కొత్తది బిర్రుగా వేశాను. తొడుక్కుని గదిలో నాలుగడుగులు వేసి, "మంచిగనే ఉన్నది పో" అంది. నేనూ అలాగే అనుకున్నాను. నా పనంతా నిలబడిన మనుషుల మీదే. నిలబడితే సరిపోయింది నడిస్తే సరిపోదని నాకు అప్పటికి తట్టలేదు.

క్యాంపస్‌లో సగం దూరం బాగానే నడిచింది. తర్వాత ఒక చెయ్యి నడుము మీద వేసుకుంది. తర్వాత రెండో చెయ్యి కూడా వేసుకుంది. మలుపు దగ్గర చటుక్కున ఆగిపోయింది.

"ఏమైంది?"

"పోయింది."

"ఏం పోయింది?"

"లాగు పోయింది. మోకాళ్ళ కాడున్నది."

"పైకి గుంజుకో."

"ఎట్ల గుంజుకోవాలె? మీద లంగా, లంగా మీద చీర. నడిరోడ్డు మీద చీర ఇప్పాల్నా?"

"అయితే కదలకు."

"కదుల్తనా? కదిలితే కాళ్ళకు సుట్టుకుని బోర్ల పడ్త."

అప్పుడే వెనక నుంచి పోలీసు పరీక్షకు పరిగెత్తే పిల్లల గుంపు వచ్చింది. మమ్మల్ని చూసి ఇద్దరు ముగ్గురు ఆగారు. "ఏమైందాంటీ? చక్కరొస్తున్నదా, కండ్లు తిరుగుతున్నయా? నీళ్ళు కావాల్నా?" అని ఒకతను సీసా మూత కూడా తీశాడు. వదిన మోకాళ్ళు దగ్గరికి బిగించి నిలబడి, "ఏం గాలె బిడ్డా. మీరు ఉరుకుండ్రి. ఉద్యోగాలు రావాలె" అంది. వాళ్ళు మంచి పిల్లలు. అంత త్వరగా పోలేదు. "కూసోండి ఆంటీ, కూసోండి" అని గుండు చూపించారు. కూర్చోవడానికి కూడా అడుగు వేయాలి కదా. మా వదిన మొహం ఎర్రబడటం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

వాళ్ళు పోయాక అది చీలమండల దాకా జారింది. వదిన ఒక్కొక్క కాలే ఎత్తింది. నేను వంగి తీసి, గుప్పిట్లో ముద్ద చేసి కొంగు కింద పెట్టుకున్నాను. నాకు నవ్వు ఆగడం లేదు. ఆమె నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. మా గేటు దగ్గరికి వచ్చాక, "రేపటి సంది నన్ను లేపకు" అంది.

లేపలేదు. ఎలా లేపను? ఆమె అరుగు దాకా పోవడం కూడా మానేసింది. మా ఆయన అడిగితే మోకాలి నొప్పి అంది. నా మిషన్ పక్కన స్టూలేసుకుని కూర్చుని, వచ్చేపోయేవాళ్ళను చూస్తూ ఉండేది. దవాఖానకు షుగర్ పరీక్షకు పోవాల్సిన రోజు దగ్గరపడుతోంది. కూరకు వంకలు పెట్టడం కూడా తగ్గించింది. అది నాకు నచ్చలేదు.

ఒక ఆదివారం తలస్నానానికి నీళ్ళు పెట్టి, వీపు రుద్దమని పిలిచింది. సబ్బు పట్టుకుని కూర్చున్నదాన్ని ఆమె నడుము చూసి ఆగిపోయాను. నడుము చుట్టూ నల్లగా ఒక గాడి. వేలు పెడితే వేలు పట్టేంత లోతు. చీర కట్టడం మొదలైన రోజు నుంచి లంగా నాడా అక్కడే బిగుసుకుని బిగుసుకుని చేసిన గాడి. ఎడమ పక్కన ముడి పడేచోట ఇంకా నలుపు. నా నడుముకు కూడా ఉంది, మా అమ్మకు కూడా ఉండేది. రోజూ చూసేదే కాబట్టి ఎప్పుడూ చూడలేదు. నేను ఎలాస్టిక్ పెట్టింది దానికి జానెడు కింద, పొట్ట కింద, మగపిల్లలకు ఆగేచోట. ఆమెకు అక్కడ ఆగడానికి ఏమీ లేదు. బిర్రుగా వేసినకొద్దీ పొట్ట దాన్ని కిందికే నెట్టింది.

"ఏం సూస్తున్నవే? సబ్బు పెట్టు, కండ్లు మండుతున్నయి."

"వదినా, నీకు లంగా ఎప్పుడన్న జారిందా?"

"లంగా ఎందుకు జారుతది? బుద్ధి లేని మాట."

"ఉరికినప్పుడు కూడనా?"

"రైలెంబడి ఉరికిన, బస్సెంబడి ఉరికిన, జీతం దినం మీ అన్న దొంగసాటుగ పోతుంటే ఆయనెంబడి ఉరికిన. ఎన్నడు జారలె."

"అయితే లాగుకు ఎలాస్టిక్ తీసేస్త. నాడా పెడ్త. గీడ్నే, లంగా నాడా కాడ."

"ఒక్క నడుముకు రెండు నాడాలా? నేను ఊపిరి తీసుకోవద్దా?"

ఆమె అన్నది నిజం. నాడా మీద నాడా పడితే అక్కడ ఇంకో పుండు. మళ్ళీ ఆలోచించాను. రెండు నాడాలు కుదరవంటే ఒకే నాడా ఉండాలి. లంగాకు, లాగుకు కలిపి.

ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టాను. వదిన పాత నూలు లంగా ఒకటి తీసుకున్నాను. ఆరు ముక్కల లంగా, కింద గేరా బాగా వెడల్పుగా ఉంటుంది, అడుగు సాగుతుంది. లాగు నడుము దగ్గర ఎలాస్టిక్ కత్తిరించేశాను. ఆ జానెడు ఎత్తు కలవడానికి మెత్తబడిన పాత చీర ముక్కతో పట్టీ వేశాను. ఆ పట్టీ పైఅంచును లంగాలో నాడా దూరే మడత కింద కలిపి కుట్టాను. లంగాకు ఎడమ పక్కన చీలిక ఉంటుంది కాబట్టి లాగుకు కూడా అక్కడే అంతే చీలిక విప్పాను. ఇప్పుడు నాడా ముడి వేస్తే రెండూ ఆగుతాయి, విప్పితే రెండూ దిగుతాయి.

ఇక కాళ్ళ సందు. లాగుకు నాలుగు కుట్లూ అక్కడికే వచ్చి కలుస్తాయి. ఆ ముడే గీరేది. నేను పని నేర్చుకున్న దుకాణంలో ముసలి మాస్టర్ పైజామాలకు అక్కడ నలుచదరం ముక్క ఒకటి వేసేవాడు. మియానీ అంటారు. అది వేస్తే కుట్లు ఒకచోట కలవవు, కాలు చాచినా గుడ్డ గుంజదు. చీర ముక్కతోనే మియానీ కోసి వేశాను. మొత్తం లాగును ఉల్టా తిప్పేశాను, కుట్లన్నీ బయటికి, నున్నటి వైపు ఒంటికి.

వదినకు అదొక్కటి నచ్చలేదు. "ఉల్టా తొడుక్కుంటరా ఎవలన్న?"

"లోపలిది. ఎవలు సూస్తరు?"

"నాకు తెలుస్తది గదా." మళ్ళీ తనే, "మరి నడుమల ఒంటికి పోవాలంటే?" అంది.

"పోయి బయలుదేరు. వచ్చినంక మళ్ళ పో."

ఈసారి నిలబెట్టి చూడలేదు. చాక్‌పీసుతో ఆమె తొడ మీద, లాగు అంచు ఆగినచోట గీత గీశాను. మెట్లు ఎక్కమన్నాను. మధ్యాహ్నం, అపార్ట్‌మెంటులో అలికిడి లేదు. పైన జాకెట్టు, భుజాల మీద తువ్వాలు, కింద లంగా. ఒక్కో అంతస్తు ఎక్కి ఆగడం, లంగా ఎత్తి చూపించడం, నేను గీత ఎంత బయటపడిందో చూడటం. మొదటి అంతస్తుకే అంచు గీత దాటి పైకి పాకింది. రెండో అంతస్తుకు ఇంకా పాకింది. మూడో అంతస్తులో లంగా ఎత్తి పట్టుకుని ఉండగా టీచరమ్మ తలుపు తీశారు.

"అయ్యయ్యో, వదినగారూ! ఇదేం వేషమండీ?"

వదిన లంగా వదిలేసింది. కాని నోరు వదల్లేదు. "మా మరదలు సర్కస్ నేర్పుతున్నది టీచరమ్మా. మీరు కూడ వస్తరా?"

నేను చెప్పక తప్పలేదు. మొత్తం చెప్పాను, పుండు సంగతితో సహా. వదిన నా వైపు గుడ్లురిమి చూసింది. టీచరమ్మ నవ్వలేదు. "నాకూ ఉందండీ ఇది. ఉద్యోగంలో ఉన్నప్పుడు బస్టాపు నుంచి బడికి నడిచేసరికి ప్రాణం పోయేది. పౌడరు డబ్బా సంచిలో పెట్టుకుని తిరిగేదాన్ని" అన్నారు. వదిన కళ్ళు మామూలుగా అయ్యాయి. ఇన్నేళ్ళూ ఇది తనకొక్కదానికే అనుకుందో ఏమో. లంగా మళ్ళీ తనే ఎత్తి, "సూడుండ్రి, ఎట్ల ఎగవాకుతున్నదో" అంది.

టీచరమ్మ కళ్ళద్దాలు తెచ్చుకుని కూర్చుని చూశారు. "కాలు ఎత్తినప్పుడు తొడ ముందుకు వస్తోంది, గుడ్డ దానితోపాటు పోతోంది. నా ప్యాంటుకు కింద పక్కన చీలిక ఉంటుంది చూశావా? అది దేనికో అనుకునేదాన్ని. అలాంటిది పెడితేనో?"

పెట్టాను. లాగు అంచుకు బయటివైపు నాలుగు వేళ్ళ చీలిక, చివర గట్టికుట్టు. పొడవు కూడా మోకాలికి కాస్త పైదాకా పెంచాను. మళ్ళీ గీత గీసి మళ్ళీ మెట్లు ఎక్కించాను. మూడో అంతస్తు దాకా పోయి వచ్చాక గీత కనబడలేదు, అంచు కిందే ఉంది. అంతా అయ్యేసరికి వదినకు ఆయాసం వచ్చింది. "క్యాంపస్ ఎందుకే, ఈ మెట్లే సాలు" అంది.

తెల్లారి ముగ్గురం పోయాం. పుండు ఉన్నచోట కొత్త తోలు ఇంకా లేతగా ఉందని నాకు భయంగానే ఉంది. మలుపు దగ్గరికి రాగానే వదిన చెయ్యి నడుము మీదికి పోయింది. తడుముకుని చూసింది. ఉంది. చెయ్యి తీసేసింది. టీచరమ్మ ఫోనులో సమయం చూసి చెబుతున్నారు, వదిన ఆమెతో గోదావరి వైపు పులుసుల్లో తీపి ఎందుకు వేస్తారని కొట్లాడుతోంది. కాళ్ళు దగ్గరగా, తిన్నగా పడుతున్నాయి. నేను వెనక నడుస్తూ ఆ కాళ్ళనే చూస్తున్నాను. ముప్పావుగంట అయిపోయిందని టీచరమ్మ చెప్పాక కూడా మాట తెగలేదు కాబట్టి ఇంకొంత దూరం నడిచాం.

సాయంత్రం వెలుతురు ఉండగానే వదిన కిటికీ దగ్గర కూర్చుని నన్ను పిలిచింది.

"సూడు."

చూశాను. ఎరుపు లేదు. లేత తోలు లేతగానే ఉంది.

"అద్దాలు పెట్టుకుని సూడు."

పెట్టుకుని చూశాను. వేలితో తాకి చూశాను. "ఏం లేదు వదినా."

"మంట కూడ లేదు. లేదనుకుంటున్ననో, నిజంగ లేదో తెలుస్తలేదు. ఒట్టు?"

"ఒట్టు."

లంగా దించుకుంది. "పరీక్షల ఏమొస్తదో గాని," అంది, "రేపు ఎన్ని గంటలకు పోదాం?"

చెమట లంగా అని ఆ సాయంత్రమే ఉతికి ఆరేశాను. వానాకాలం. లాగు పల్చటిది కాబట్టి ఆరింది, నూలు లంగా, మియానీ ఆరలేదు. మర్నాడు పొద్దున ముట్టుకుంటే చల్లగా తడిగా ఉన్నాయి. లేత తోలు మీద తడిగుడ్డ వేసుకుని నడవడానికి లేదు.

"ఇయ్యాల ఒక్క దినం ఆగుదాం తియ్," అంది వదిన.

నేను పెట్టె తెరిచి నా లంగాల్లో మంచిది, తెల్లది, బయటికి తీశాను. నడకకని కొనుక్కుని ఇంకా తొడగని నా పల్చటి ప్యాంటు ఒకటి మోకాళ్ళ దగ్గర కత్తిరించి, రెండింటికీ పక్కలు విప్పి వదిన కొలతకు పట్టీలు వేశాను.

"మంచి బట్టలు ఎందుకే కోస్తున్నవు? పిచ్చి లేసిందా?"

"ఒక్క దినం ఆగితే రేపు కూడ ఆగుతవు. నువ్వు చాయ్ పెట్టు."

తిట్టుకుంటూ వదిన చాయ్ పెట్టింది. నేను మియానీ వేసి, అంచులకు చీలికలు తీసి, మడత కింద కలిపి కుట్టాను. టీచరమ్మ మెట్లు దిగి వచ్చి, మిషన్ పక్కన స్టూలు మీద కూర్చుని, ఫోను వెనక జేబులో పెట్టుకుని ఎదురుచూశారు. నేను నాడా ఎక్కించి లంగాను వదిన చేతికిచ్చి, మిషన్ మీద పడిన దారాలు దులిపి, నా చెప్పులు తొడుక్కున్నాను.